తాళం వేసిన ఇంటి నియ్యత్

"అక్కడంతా మనవాళ్ళే ఉంటారు సార్. మీకే ఇబ్బందీ ఉండదు."

విశాఖపట్నం నుంచి ఫోన్ చేసిన ఏజెంటు మాతో అన్న మొదటి మాటల్లో ఇదొకటి. అప్పటికి అతనికి మా పేరు తెలీదు. మా తెలుగు విన్నాడు, అంతే. పేరు చెప్పాక ఒక్క క్షణం ఆగాడు. "పర్లేదు సార్, అక్కడ అందరూ ఉంటారు" అన్నాడు. మర్యాదస్తుడే. కానీ ఆ ఒక్క క్షణంలో "మనవాళ్ళు" కాస్తా "అందరూ" అయిపోయింది.

మేం రెండు భాషల్లో రాసుకుని బతికేవాళ్ళం. ఉర్దూలో 'హమ్' అని ఒక్క మాటే ఉంది. ఎదుటివాణ్ణి కలుపుకున్నా అదే, వదిలేసినా అదే. తెలుగులో రెండున్నాయి. 'మేము' అంటే అందులో నువ్వు లేవు. 'మనము' అంటే నువ్వూ ఉన్నావు. బళ్ళో చదువుకున్నప్పుడు ఇది వ్యాకరణం అనుకున్నాం. అద్దె ఇళ్ళు వెతుక్కునే వయసొచ్చాక ఇది బతుకని తెలిసింది.

సంగతి మొదటినుంచీ చెప్పాలి. మా తమ్ముడు కువైట్‌లో పద్దెనిమిదేళ్ళుగా డ్రైవరు. కడప, రాయచోటి వైపు ఏ ముస్లిం ఇంటి తలుపు తట్టినా కువైట్ మాట వినిపిస్తుంది, కాబట్టి ఇందులో వింతేమీ లేదు. వాడు కూడబెట్టింది యాభై లక్షలు. మా దగ్గర, అంటే బి.ఏ. చదివి పత్రికల్లో పడ్డవాళ్ళ దగ్గర, ఉన్నది పది లక్షలు. విశాఖలో సముద్రం కనపడే రెండు పడగ్గదుల ఫ్లాటు తొంభై లక్షలు. మిగిలిన ముప్ఫై బ్యాంకు ఇస్తుంది. "ఐదేళ్ళు ఉంచితే రెండింతలవుతుంది భాయ్‌జాన్" అన్నాడు తమ్ముడు. వాడు అందులో ఉండడు. మేమూ ఉండం. అది ఉండటానికి కొనే ఇల్లు కాదు. ఉంచటానికి కొనే ఇల్లు.

మా అబ్బా టైలరు. జీవితమంతా అద్దె ఇళ్ళల్లోనే గడిచింది. 'గడప' అనే మాట నుంచే కడపకు ఆ పేరొచ్చిందంటారు, తిరుమల కొండకు గడప అని. గడప పేరున్న ఊళ్ళో పుట్టి, సొంత గడప లేకుండా పోయాడు మనిషి. ఆయన జనాజా అద్దె ఇంట్లోంచే లేచింది. సంతాపానికి వచ్చిన ఇంటి ఓనరు, వెళ్తూ వెళ్తూ, నెలాఖరుకి ఖాళీ చేస్తారా అని మా అమ్మీని అడిగాడు. తమ్ముడు మర్చిపోలేనిది ఆ మాటే. వాడు కువైట్ ఎండల్లో బండి నడిపింది ఆ మాట వెంటాడుతుంటేనే.

కాబట్టి తమ్ముడిది దురాశ అని తేల్చేయడానికి మాకు నోరు రాదు.

ఫ్లాటు చూడటానికి విశాఖ వెళ్ళాం. ఆ ఊరు అందమైన ఊరు. హార్బరు పక్కన మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద ఇసాక్ మదీనా ఔలియా దర్గా. మత సామరస్యానికి గుర్తుగా వచ్చినవాళ్ళందరికీ ఆ మూడు కొండల్నీ చూపిస్తారు. అది నిజమే. మా కడపలోనూ ఉగాది నాడు ముస్లింలు దేవుని కడప గుడికి వెళ్తారు. బీబీ నాంచారమ్మ మా ఆడపడుచు, స్వామి మా అల్లుడు అని వెళ్తారు. అల్లుడింటికి ఎవరి అనుమతి కావాలి? కొండ మీదా గుడిలోనూ పక్కపక్కన ఉండగలిగిన వాళ్ళం, ఒకే మెట్లెక్కి ఒకే లిఫ్టులో దిగే అపార్ట్‌మెంటులో ఎందుకు ఉండలేకపోతున్నామన్నది మాకు చాలాకాలంగా ఉన్న ప్రశ్న.

ఫ్లాటు ఆరో అంతస్తులో. బాల్కనీలో నిలబడితే సముద్రం తప్ప ఇంకేం కనపడదు. కిందికి వంగి చూస్తే జాలరుల ఇళ్ళు, ఆరేసిన వలలు, ఒడ్డుకు లాగిన తెప్పలు. ఆ ఇసుక మీద మొదటినుంచీ ఉన్నది వాళ్ళు. అలలు వచ్చి తాకే గట్టు నుంచి ఐదొందల మీటర్ల దాకా కట్టడాలకు హద్దులు పెడుతూ 1991లో తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ వచ్చింది. 2011లో దాన్ని మార్చారు. 2019 జనవరిలో మళ్ళీ మార్చి, కొన్ని హద్దులు సడలించారు. తీరం నుంచి ఎవరు ఎంత దూరంలో ఉండాలన్నది ఢిల్లీలో తేలుతుంది. జాలరి మాత్రం దూరం జరిగితే బతకలేడు. మాకు అమ్మజూపుతున్న 'సీ వ్యూ'లో ఆ ఇళ్ళు కనపడవు. ఫోటో అలా తీశారు.

చీకటి పడ్డాక కిందికి దిగి ఎదురుగా నిలబడి లెక్కపెట్టాం. నలభై ఫ్లాట్లు. పదకొండింటిలో లైట్లు. వాచ్‌మన్‌ది శ్రీకాకుళం వైపు. కారు దిగే వాలుదారి కింద ఒక గదిలో భార్యా ఇద్దరు పిల్లలతో ఉంటున్నాడు. "మిగతావాళ్ళు ఎప్పుడొస్తారు?" అని అడిగాం. "సంకురాత్రికొత్తారు బాబూ, దసరాకొత్తారు. కొందరు అదీ రారు. తాళాలు నా కాడే ఉంతాయి" అన్నాడు. నడుముకున్న తాళాల గుత్తి చూపించాడు. ఇరవైతొమ్మిది ఇళ్ళ తాళాలు ఒంటి మీద మోస్తున్న ఆ మనిషి పిల్లల్ని పడుకోబెట్టేది కార్ల పక్కన.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఏమైందో కూడా అతనే చెప్పాడు. సముద్రం వైపు అద్దాలు పగిలి గాలీ వానా లోపలికి కొట్టాయట. మనుషులున్న ఇళ్ళల్లో పరుపులు అడ్డం పెట్టుకున్నారు, నీళ్ళు ఎత్తి పోసుకున్నారు. తాళం వేసిన ఇళ్ళల్లో ఎత్తేవాళ్ళు లేరు. ఆ నీళ్ళు గోడల్లోంచి కింది ఇళ్ళల్లోకి దిగాయి. కరెంటు లేక లిఫ్టులు ఆగిపోయిన ఆ రోజుల్లో ఖాళీ ఇళ్ళ నీళ్ళన్నీ ఉన్నవాళ్ళే తోడుకున్నారు. ఖాళీ ఇల్లు ఎవరికీ హాని చెయ్యదని మేం అప్పటిదాకా అనుకుంటూ వచ్చాం.

ఇక లెక్కలు. ఇవి కొనబోయే ప్రతివాళ్ళూ వేసుకోవాల్సిన లెక్కలే. తొంభై లక్షల ఫ్లాటుకు ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. అంటే ఆరు లక్షల డెబ్బై ఐదు వేలు ముందే పోతాయి. అద్దెకిస్తే నెలకు ఇరవై వేలొస్తుందన్నాడు ఏజెంటు. ఏడాదికి రెండు లక్షల నలభై వేలు. వందకు మూడు రూపాయలు కూడా పడదు. బ్యాంకు మా దగ్గర తీసుకునే వడ్డీ దీనికి మూడింతలు. ఉప్పుగాలికి బాల్కనీ ఊచలు తుప్పు పడతాయి, స్లాబులో ఇనుము ఉబ్బి పెచ్చులూడతాయి, మెయింటెనెన్సు ఇల్లు ఖాళీగా ఉన్నా కట్టాల్సిందే. అంటే లాభమంతా ధర పెరగడం మీదే ఆధారపడింది. ధర ఎందుకు పెరుగుతుంది? 2019 డిసెంబరులో పాలనా రాజధాని మాట అసెంబ్లీలో వినపడగానే విశాఖలో ధరలు లేచాయి. 2021 నవంబరులో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. 2024లో ప్రభుత్వం మారాక రాజధాని మళ్ళీ అమరావతే అయింది. ఆ ఇటుకలూ మారలేదు, ఆ సముద్రమూ మారలేదు. మారింది జనం ఆశ ఒక్కటే. మేం కొనబోతున్నది ఆ ఆశని.

ఇక్కడ మాకు ఇంకో చిక్కుంది. సూద్, అంటే వడ్డీ, మాకు హరామ్. వడ్డీ లేని బ్యాంకింగు ఈ దేశంలో రావాలని రఘురాం రాజన్ కమిటీ 2008లో సిఫారసు చేసింది. ఆ ప్రతిపాదనతో ముందుకు పోవడం లేదని రిజర్వు బ్యాంకు 2017లో తేల్చేసింది. దాంతో మా ఖౌమ్ సొమ్ము బంగారంలోకీ భూమిలోకీ పోతుంది, లేదంటే హలాల్ పేరు చెప్పి డబ్బు పోగుచేసే వాళ్ళ చేతుల్లోకి పోతుంది. అలాంటి సంస్థలు 2018, 2019ల్లో హైదరాబాద్‌లోనూ బెంగుళూరులోనూ కూలిపోయి, ఎందరి కూతుళ్ళ పెళ్ళి డబ్బులో మునిగిపోయాయి. ఆ భయంతోనే తమ్ముడు "కంటికి కనపడే ఆస్తి కొందాం" అంటున్నాడు.

కానీ వడ్డీ ఎందుకు తప్పు? కష్టపడకుండా, కేవలం కాలం గడిచినందుకు, అవసరంలో ఉన్నవాడి దగ్గర సొమ్ము పెరుగుతుంది కాబట్టి. మరి తాళం వేసి ఐదేళ్ళు కూర్చుంటే, ఇల్లు దొరకనివాళ్ళు పెరిగినందువల్ల పెరిగే ధర? రెండూ ఒకటి కావని ఫిఖహ్ తెలిసినవాళ్ళు చెప్తారు. ఇంట్లో నష్టమొస్తే ఆ నష్టం మనదే, అప్పిచ్చినవాడికి ఆ నష్టం లేదు. వ్యాపారం హలాల్. మేం ఒప్పుకుంటాం. ఒప్పుకున్నాక కూడా మనసులో ఒక మూల నలుగుతూనే ఉంది.

మౌల్వీ సాబ్ దగ్గరికి వెళ్ళాం. లెక్కలు చెప్పబోతే ఆపి ఒకటే అడిగాడు. "కొనేటప్పుడు మీ నియ్యత్ ఏంటి?"

ఏజెంటు అడగని, బ్యాంకు అడగని ప్రశ్న. జకాత్ అంతా దానిమీదే ఆధారపడింది. ఉండటానికి కొన్న ఇంటిమీద జకాత్ లేదు. అద్దెకివ్వడానికి కొంటే ఇంటి ధర మీద లేదు, అద్దెలోంచి మిగిలిన దానిమీద ఉంది. తిరిగి అమ్మడానికి కొంటే మాత్రం అది ఇల్లు కాదు, సరుకు. సంతలో గుడ్డల తాను లాంటిది. ప్రతి ఏడాదీ ఆనాటి ధర కట్టి రెండున్నర శాతం ఇవ్వాలి. అప్పు లేదనుకుంటే తొంభై లక్షలకు రెండు లక్షల పాతికవేలు. అద్దెకిస్తే ఏడాదికి వచ్చే సొమ్ముకి దాదాపు సమానం! తాళం వేసి ఉంచుకుంటే, ఇంట్లో మనుషులుంటే ఎంత వచ్చేదో అంత పేదవాడికి ఇచ్చుకోవాలన్నమాట. ఎనిమిదో శతాబ్దంలో బాగ్దాదు ఖాజీగా ఉన్న ఇమామ్ అబూ యూసుఫ్ ఇంకో మాట అన్నాడు. ధర పెరగాలని దాచిపెట్టడం, దీన్నే ఇహ్తికార్ అంటారు, ధాన్యం విషయంలోనే తప్పు అన్నవాళ్ళుండగా, దాచిపెడితే జనానికి బాధ కలిగే వస్తువు ఏదైనా ఇందులోకే వస్తుందన్నాడు.

ఇల్లు అలాంటి వస్తువేనా? 2011 జనాభా లెక్కల్లో ఈ దేశపు పట్టణాల్లో ఖాళీగా ఉన్న ఇళ్ళు కోటీ పది లక్షలు. 2012లో ప్రభుత్వం వేసిన నిపుణుల బృందం లెక్కలో పట్టణాల్లో ఇళ్ళ కొరత కోటీ ఎనభై ఏడు లక్షలు, అదీ దాదాపు అంతా పేదలకూ తక్కువ ఆదాయం వాళ్ళకే. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి.

ఖాళీ ఇల్లు చూస్తే మాకు కోపం రావడానికి ఇంకో కారణం ఉంది. మేం విజయవాడలో ఉద్యోగంలో చేరినప్పుడు 'టు-లెట్' బోర్డున్న ఏడు ఇళ్ళు ఎక్కి దిగాం. ఏ ఒక్కరూ మమ్మల్ని తిట్టలేదు. అందరూ మంచినీళ్ళిచ్చారు. పేరు చెప్పాక ఒకాయనకు ఆ పూటే ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారని గుర్తొచ్చింది. ఒకావిడ "మీరు నాన్‌వెజ్ కదా" అంది. ఆ వీధి చివర మాంసం కొట్టు ముందు ఆదివారం నిలబడేది ఎవరో మేం అడగలేదు. ఇంకొకాయన "మాకేం పట్టింపు లేదండీ, పక్కవాళ్ళే ఏమన్నా అనుకుంటారని" అన్నాడు. ఆ పక్కవాళ్ళని మేం ఎప్పుడూ చూడలేదు. ఎక్కడికెళ్ళినా వాళ్ళు పక్కింట్లోనే ఉంటారు. ముస్లింలకు ఇళ్ళు దొరకని సంగతి సచార్ కమిటీ 2006లోనే రాసింది. మనిషినీ మనిషినీ తేడాగా చూడొద్దని రాజ్యాంగం ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది. టు-లెట్ బోర్డు పెట్టిన ఓనరును కట్టడి చేసే చట్టం మాకెక్కడా ఎదురుకాలేదు.

మా తప్పులు దాచుకుని ఇది రాయడం న్యాయం కాదు. మా బస్తీల్లో మాత్రం? దూదేకుల కుటుంబం వస్తే "వాళ్ళ ఇంట్లో తెలుగే మాట్లాడతారు" అని మొహం తిప్పుకున్న పెద్దమనుషుల్ని చూశాం. పొరుగువాడు అమ్ముతుంటే ముందుగా కొనే హక్కు నీదని హనఫీ ధర్మశాస్త్రం చెప్తుంది. దాన్ని హఖ్-ఎ-షుఫా అంటారు. కేవలం పొరుగువాడన్న కారణంతో ఆ హక్కు చెల్లదని 1962లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తీర్పు తప్పని మేం అనం. పొరుగువాడి బాగు కోసం పుట్టిన హక్కే కొత్తవాణ్ణి రానివ్వకుండా అడ్డం పెట్టే కర్ర కూడా కాగలదు. 'మనవాళ్ళే' అన్న మాట ఎవరి నోట్లోంచి వచ్చినా ఆ కర్రే.

విశాఖ నుంచి తిరిగొచ్చే రోజు ఏజెంటు స్టేషను దాకా వచ్చాడు. మా మేలు కోరే చెప్పాడు. "అద్దెకివ్వాలనుకుంటే నాకు వదిలెయ్యండి సార్. మంచి పార్టీని చూస్తాను. బ్యాచిలర్స్ వద్దు. కింద పేటవాళ్ళెవరైనా డబ్బుండి అడిగినా ఇవ్వొద్దు, చేపల వాసన అంటారు మిగతావాళ్ళు. ఇంకోమాట, ఏమీ అనుకోకండి, మీవాళ్ళకి కూడా ఇవ్వకపోతేనే మంచిది. అసోసియేషన్‌లో మాటొస్తుంది. మీరంటే ఓనరు, మీ సంగతి వేరు."

మా సంగతి వేరు! తొంభై లక్షలు పెడితే మేం 'మనవాళ్ళు' అవుతాం. అయిన మరుక్షణం మేం చెయ్యాల్సిన మొదటి పని, మాకు ఏడిళ్ళల్లో చెప్పిన మాటనే ఇంకొకరికి చెప్పడం. మంచినీళ్ళిచ్చి మరీ చెప్పడం. పక్కవాళ్ళు ఏమన్నా అనుకుంటారని చెప్పడం. ఇన్నాళ్ళూ కనపడని ఆ పక్కవాళ్ళు ఎవరో అప్పుడు తెలిసింది. రేపు ఆ కుర్చీలో కూర్చోబోయేది మేమే.

అంతకుముందు ముసాయిదా దస్తావేజు చదివాం. అందులో మా ఫ్లాటుతోపాటు కింది భూమిలో ముప్ఫై ఎనిమిది గజాల 'విభజించని వాటా' రాసుంది. అది ఏ మూలదో ఎవరూ గీత గీసి చూపించలేరు. నలభైమందిదీ కలిసే ఉంటుంది. ఉండని ఇరవైతొమ్మిది మంది వాటాల మీదా వాచ్‌మన్ పిల్లలే ఆడుకుంటున్నారు. కాగితం 'మనది' అంటోంది. గీతలన్నీ పైన మనుషుల మధ్యనే ఉన్నాయి.

ఇవన్నీ తమ్ముడికి ఫోన్‌లో చెప్పాం. చాలాసేపు విన్నాడు. తర్వాత అన్నాడు. "భాయ్‌జాన్, నువ్వు చెప్పిందంతా నిజమే. కానీ ఈ నీతి మనమే ఎందుకు మొయ్యాలి? పది ఫ్లాట్లు కొన్నవాణ్ణి ఎవరూ అడగరు. ఒకటి కొనబోతే మనల్ని మనమే అడుక్కుంటున్నాం. 2019లో పౌరసత్వం గొడవ వచ్చినప్పుడు అమ్మీ పెట్టె తీసి వెతికింది గుర్తుందా? అబ్బా పేరు మీద ఒక్క కాగితం దొరకలేదు. అద్దె రసీదులు కూడా లేవు. ఒక్క దస్తావేజు మీద మన పేరుండాలి నాకు. అది ఖాళీగా ఉన్నా సరే."

మాకు వెంటనే జవాబు తోచలేదు. ఇప్పటికీ పూర్తిగా తోచలేదు. వాడు కొనాలనుకుంటున్నది లాభం కోసమే అయితే వాదించేవాళ్ళం. వాడు కొంటున్నది భయానికి మందు. భయపడ్డవాణ్ణి త్యాగం చెయ్యమని అడగడం సులువు, అదీ భయం తక్కువున్న చోట కూర్చుని. కానీ ఒక ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. మనకు గడప లేని బాధకు మందు, ఇంకొకరి ముందు గడప మూసెయ్యడమేనా? అబ్బా పేరు మీద కాగితం లేకుండా పోయింది, ఆయనకు ఇల్లిచ్చినవాళ్ళు రసీదు కూడా ఇవ్వలేదు కాబట్టి. రేపు మనం ఓనర్లమైతే, మన అద్దెకున్నవాడి పెట్టెలో ఆ రసీదు ఉంటుందా?

వారం రోజులు ఆలోచించి ఒక కాగితం మీద మూడు షరతులు రాసి తమ్ముడికి పంపాం. ఒకటి, బ్యాంకు అప్పు వద్దు. ఉన్న అరవై లక్షల్లోనే, సముద్రం కనపడకపోయినా సరే, ఊరి లోపల మనుషులు నివసించే చోట కొందాం. రెండు, ఒక్క నెల కూడా తాళం వెయ్యొద్దు. అద్దె కట్టగలిగి ముందుగా వచ్చినవాళ్ళకి, పేరూ కులమూ పొయ్యిమీద ఏం ఉడుకుతుందనీ అడక్కుండా, రాతపూర్వకంగా, నెలనెలా రసీదుతో ఇవ్వాలి. అసోసియేషన్‌లో మాటొస్తే ఆ మాట మనం పడాలి, అద్దెకున్నవాళ్ళ మీదికి పోనివ్వకూడదు. మూడు, ధర రెండింతలైనా సరే, లోపలున్న కుటుంబం పిల్లల చదువు మధ్యలో ఉండగా ఖాళీ చేయించి అమ్మకూడదు.

తమ్ముడు మొదటిదానికి రెండు రోజుల్లో ఒప్పుకున్నాడు. సూద్ తప్పుతుందని అమ్మీ కూడా సంతోషించింది. రెండోదానికి వారం పట్టింది. "సరే భాయ్‌జాన్, రసీదు నేనే అచ్చు వేయిస్తా" అన్నాడు.

మూడోదానికి ఒప్పుకోలేదు. "రేపు కువైట్‌లో నా ఉద్యోగం పోతే? నా కూతురి పెళ్ళి ముందుకొస్తే? వాళ్ళ పిల్లల చదువు కోసం నా పిల్లను ఆపాలా?" అని అడిగాడు. అది న్యాయమైన ప్రశ్నే. దానిమీద మా అన్నదమ్ముల మధ్య ఇంకా మాట నడుస్తూనే ఉంది.